పాత ట్రక్కుకు కొత్త చెప్పులు

టెక్సాస్ రాష్ట్రంలో డల్లాస్ పక్కన కాపురం వుంటున్న తెనాలివారొకరు యీ శీర్షికకు వుత్తరం వ్రాశారు. వుత్తరం పొడుగ్గానే వుంది గాని సంగతి రెండు ముక్కల్లో చెప్పవచ్చు. ఆయన 1970 నాటి షెవ్రొలే సి-10 పికప్ ట్రక్కు ఒకటి కొన్నారు. ఇంజను బాగుచేయించారు, రంగు వేయించారు. ఇక చక్రాలూ, టైర్లూ మార్చాలి. అక్కడే వచ్చింది చిక్కు.

చక్రాల దుకాణం కుర్రవాడు, "పది అంగుళాల వెడల్పు చక్రాలు వేయించండి, వీధి వీధంతా తిరిగి చూస్తుంది" అన్నాడట. పక్కింటి ముసలాయన, "కంపెనీవాడు వేసిన సన్న టైర్లు తప్ప యింకేమి వేసినా పాపమే" అన్నాడట. "మా ఆవిడ మాత్రం, ఏ టైర్లు వేస్తారో నాకు తెలియదు గాని పిల్లవాణ్ణి పక్కన కూచోబెట్టుకుని వెళ్ళి, మళ్ళీ క్షేమంగా తీసుకురండి, అంతే చాలు అంటోంది. మాస్టారూ! ఈ ముగ్గురిలో యెవరి మాట వినమంటారు?" అని అడిగారు.

తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి టైర్ల గొడవ యెందుకు, కందకు లేని దురద కత్తిపీటకెందుకు అని మీరు అనవచ్చు. కాని టైరు పక్కన వుండే అంకెలు కూడా ఒక లిపే. దానికీ ఒక వ్యాకరణం వుంది. వ్యాకరణం తెలియకుండా పద్యం కడితే మహా అయితే నలుగురు నవ్విపోతారు. ఈ వ్యాకరణం తెలియకుండా చక్రం కడితే నవ్వులతో పోదు. కనుక ముందే చెబుతున్నాను: వినవలసింది ఆ యిల్లాలి మాట. అయితే ఆవిడ అన్న "క్షేమం" అనే మాటను అంగుళాల్లోకీ మిల్లీమీటర్లలోకీ మార్చుకోవాలి. ఆ మార్పిడే యీ వారం మన పని.

ముందు మాట సంగతి చూద్దాం. ఇంగ్లీషులో "టైర్" అన్నది "ఎటైర్" అనే మాటకు పొట్టిరూపమని నిఘంటుకారులు చెబుతారు. ఎటైర్ అంటే వుడుపు, అలంకారం. చక్రానికి తొడిగే బట్ట అన్నమాట. మనవాళ్ళు యెడ్లబండి చక్రానికి ఇనుప కట్టు వేసేవారు. కట్టు అన్నా అదే భావం. ఆ కట్టు చుట్టుకొలత చక్రం చుట్టుకొలత కంటే వెంట్రుకవాసి తక్కువగా వుండాలి. దాన్ని ఎర్రగా కాల్చితే సాగుతుంది. అప్పుడు తొడిగి నీళ్ళు పోస్తే బిగిసి పూటీలనూ ఆకులనూ ఒక్కటిగా పట్టేస్తుంది. వదులైతే కట్టు వూడిపోతుంది, మరీ బిగువైతే పూటీలు విరుస్తుంది. కట్టుకూ చక్రానికీ పొత్తు కుదరాలన్న ఆ నీతి రబ్బరు టైర్లకు కూడా అక్షరాలా వర్తిస్తుంది.

ఇక అంకెలు. మన పల్లెటూళ్ళలో ట్రాక్టరు వున్న రైతును అడగండి, ముందు టైరు సైజు "ఆరు పదహారు" అంటాడు. టైరు మీద 6.00-16 అని వుంటుంది. పాత విల్లీస్ జీపులకూ అదే సైజు. 1940ల చివర వచ్చిన షెవ్రొలే అరటన్ను పికప్పులకూ అదే సైజు వచ్చేది. ఇందులో మొదటి అంకె టైరు పొట్ట వెడల్పు, అంగుళాల్లో. రెండవది టైరు కూర్చునే చక్రం వ్యాసం, అదీ అంగుళాల్లోనే. టైరు యెత్తు యెంతో అంకెల్లో లేదు. ఆ రోజుల్లో టైరు యెత్తు ఇంచుమించు వెడల్పుతో సమానంగా వుండేది గనుక చెప్పవలసిన అవసరం రాలేదు.

తరవాత తరవాత టైర్లు పొట్టివీ, వెడల్పువీ అయినాయి. 1960ల సి-10లకు 7.75-15 వంటి సైజులు వచ్చాయి. ఆ దశాబ్దం చివర అమెరికాలో జి78-15 వంటి పేర్లు పుట్టాయి. ఇందులో "జి" అన్నది టైరు మోయగల బరువుకు గుర్తు. 78 అంటే టైరు పక్క యెత్తు వెడల్పులో నూటికి 78 వంతులు. 15 చక్రం వ్యాసం. 1970ల రెండవ సగంలో ఇప్పుడు మనం చూస్తున్న మెట్రిక్ పద్ధతి వచ్చింది. 215/75 ఆర్ 15 అంటే పొట్ట వెడల్పు 215 మిల్లీమీటర్లు, పక్క యెత్తు అందులో నూటికి 75 వంతులు, "ఆర్" అంటే రేడియల్, చక్రం వ్యాసం 15 అంగుళాలు. ఒకే మాటలో మిల్లీమీటర్లు, శాతాలు, అంగుళాలు మూడూ కలిశాయి. మన మణిప్రవాళం వంటిదే ఇదీను.

ఇప్పుడు లెక్క వేద్దాం. కాగితం, పెన్సిలు చాలు. 215లో నూటికి 75 వంతులంటే 161 చిల్లర. టైరు చక్రానికి పైనా వుంటుంది, కిందా వుంటుంది గనుక రెండింతలు చేస్తే 322.5. పదిహేను అంగుళాలంటే 381 మిల్లీమీటర్లు. రెండూ కలిపితే 703.5. అంటే 27.7 అంగుళాలు. ఇదే టైరు నిలువెత్తు. పాత జి78-15కు ఇప్పటివారు ప్రత్యామ్నాయంగా చెప్పేది ఈ సైజునే.

అదే లెక్క 235/75 ఆర్ 15కు వేయండి: 28.9 అంగుళాలు వస్తుంది. 255/70 ఆర్ 15కు 29.1. 275/60 ఆర్ 15కు సరిగ్గా 28. చూశారా విచిత్రం! చివరిది అన్నింటికంటే వెడల్పు, కాని యెత్తులో రెండవ స్థానంలో కూడా లేదు. పెద్ద అంకె చూసి పెద్ద టైరు అనుకుంటే మోసపోతామన్నమాట. అంకెలను విడివిడిగా చదవకూడదు, సమాసం విప్పినట్టు విప్పి అర్థం చెప్పుకోవాలి.

యెత్తు మారితే ఏమిటి నష్టం? రెండున్నాయి. ఒకటి, స్పీడు చూపించే ముల్లు అబద్ధం చెప్పడం మొదలుపెడుతుంది. 27.7 అంగుళాల టైరుకు సరిచేసిన ముల్లు వున్న బండికి 29.1 అంగుళాల టైరు వేశారనుకోండి. ముల్లు గంటకు 60 మైళ్ళు చూపిస్తూ వుంటే బండి 63 మైళ్ళు పోతూ వుంటుంది. పోలీసుకు ముల్లు సాక్ష్యం పనికిరాదు. రెండవది, ఇంజను లాగుడు. వెనక ఇరుసులోని పళ్ళచక్రాల నిష్పత్తి 3.73 అయితే, పెద్ద టైరు వేశాక అది 3.56 అయినట్టే ప్రవర్తిస్తుంది. పెద్ద రోడ్డు మీద ఇంజను తీరికగా తిరుగుతుంది, కాస్త హాయి. కాని బరువు వేసుకుని యెత్తు యెక్కేటప్పుడు ఆయాసపడుతుంది. ఆరు సిలిండర్ల ఇంజనువారు ఈ సంగతి మరింతగా గుర్తుంచుకోవాలి.

ఇక చక్రం వెడల్పు. ఎనిమిది అంగుళాల చక్రమంటే ఈ అంచు నుంచి ఆ అంచుకు ఎనిమిది అనుకుంటారు చాలామంది. కాదు. టైరు పెదవులు కూర్చునే చోటు నుంచి చోటుకు ఎనిమిది. బయటి అంచులు కలుపుకుంటే సుమారు తొమ్మిది అంగుళాలుంటుంది. పాత సామాన్ల సంతలో టేపు పెట్టి బయట బయట కొలిచి, "తొమ్మిదంగుళాల చక్రం దొరికింది" అని సంబరపడేవాళ్ళు అందుకే తరవాత తెల్లమొహం వేస్తారు.

ప్రతి టైరుకూ ఇంత నుంచి ఇంతవరకు వెడల్పు వున్న చక్రం మాత్రమే వాడాలని తయారీదారులు నిర్ణయిస్తారు. 215/75 ఆర్ 15కు సాధారణంగా అయిదున్నర నుంచి ఏడున్నర అంగుళాలు. 235/75 ఆర్ 15కు ఆరు నుంచి ఎనిమిది. 255/70 ఆర్ 15కు ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర. 275/60 ఆర్ 15కు ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర. కొనబోయే టైరుకు కంపెనీ ఇచ్చిన పట్టిక చూసి ఇది ఖాయం చేసుకోవాలి. ఇప్పుడా కుర్రవాడు చెప్పిన పది అంగుళాల చక్రాన్ని ఈ వరసలో పెట్టి చూడండి. ఈ నాలుగు టైర్లలో ఒక్కటీ దానికి పనికిరాదు. అంత వెడల్పు చక్రం మీద యెక్కిస్తే టైరు పక్కలు బయటికి లాక్కుపోయి, నడిమి భాగం నేలకు సరిగా ఆనక, గాలి కొంచెం తగ్గినా పెదవి జారిపోయే ప్రమాదం వుంటుంది. చాలీచాలని చొక్కా గుండీలు బలవంతాన పెట్టుకున్నవాడు తుమ్మితే యేమవుతుంది? అదే జరుగుతుంది.

చక్రం మరీ ఇరుకైనా తప్పే. టైరు బుర్రలా ఉబ్బి, నడిమి భాగం తొందరగా అరిగిపోతుంది, మలుపుల్లో బండి అటూ ఇటూ వూగుతుంది. ఇంకొక సూక్ష్మం: టైరు మీద వ్రాసిన వెడల్పు ఒక నిర్ణీత చక్రం మీద కొలిచినది. చక్రం అర అంగుళం పెరిగితే పొట్ట సుమారు 5 మిల్లీమీటర్లు పెరుగుతుంది. 235 అన్న టైరును ఆరున్నర మీద కొలుస్తారు. దాన్ని ఏడు మీద వేస్తే 240, ఎనిమిది మీద వేస్తే 250 అవుతుంది. మడ్‌గార్డుకూ టైరుకూ మధ్య వేలెడు సందే వున్నప్పుడు ఈ పది మిల్లీమీటర్లే కొంప ముంచుతాయి.

సందు మాట వచ్చింది గనుక అసలు సిసలైన అంకెకు వద్దాం. దీనిని అక్కడ బ్యాక్‌స్పేస్ అంటారు. మనం "వెనక జాగా" అనుకుందాం. చక్రాన్ని బోర్లా పెట్టి, లోపలివైపు అంచుల మీద ఒక తిన్నని బద్ద అడ్డంగా వుంచండి. ఆ బద్ద నుంచి, చక్రం హబ్బుకు ఆనుకునే చదును దాకా నిలువుగా కొలవండి. అదే వెనక జాగా. అది ఎక్కువైతే చక్రం బండి లోపలికి పోతుంది, స్టీరింగు కడ్డీలకూ స్ప్రింగులకూ రాసుకుంటుంది. తక్కువైతే బయటికి పొడుచుకు వస్తుంది, మడ్‌గార్డు అంచుకు తగులుతుంది.

దీనికి దాయాదివంటిది ఆఫ్‌సెట్. చక్రం నడిమధ్య నుంచి ఆ చదును యెంత దూరంలో వుందో చెప్పేది. వెడల్పుకు ఒక అంగుళం కలిపి సగం చేయండి. వెనక జాగాలోంచి అది తీసేస్తే మిగిలేది ఆఫ్‌సెట్. ఏడంగుళాల చక్రానికి వెనక జాగా నాలుగైతే: ఏడూ ఒకటీ ఎనిమిది, సగం నాలుగు, నాలుగులో నాలుగు పోతే సున్న. ఎనిమిదంగుళాల చక్రానికి అదే నాలుగైతే: తొమ్మిదిలో సగం నాలుగున్నర, నాలుగులోంచి తీస్తే రుణ అర అంగుళం. అంటే చక్రం అర అంగుళం బయటికి జరిగిందన్నమాట.

ఒకే వెనక జాగా గల ఈ రెండు చక్రాలకూ లోపలివైపు పెద్ద తేడా లేదు. పెరిగిన వెడల్పంతా బయటికే పోయింది. అందుకే పాత సి-10 కట్టుకునేవాళ్ళ నోట ఈ "నాలుగంగుళాల వెనక జాగా" అన్న మాట తరచు వినిపిస్తుంది. కాని బండి బండికీ తేడా వుంటుంది. స్ప్రింగులు కోసి బండిని కిందికి దించినవారికి ఈ లెక్కలన్నీ మళ్ళీ మొదటికి వస్తాయి. కనుక ముందు చక్రాలను ఎడమకూ కుడికీ పూర్తిగా తిప్పి చూడాలి. బరువు వేసి చూడాలి. ఒక చక్రం, ఒక టైరు అరువు తెచ్చి బిగించి చూశాకే మిగతా మూడూ కొనాలి.

మరీ బయటికి తోసిన చక్రం ఇంకొక కీడు కూడా చేస్తుంది. బరువు బేరింగుల మీద వాటికి నిర్ణయించిన చోట పడకుండా దూరంగా పడుతుంది. స్టీరింగు బరువెక్కుతుంది, గతుకు తగిలినప్పుడల్లా చేతిలోంచి విదిలించుకుంటుంది. పవర్ స్టీరింగు లేని పాత బండికి ముందు వెడల్పు టైర్లు వేసి, బండి నిలబెట్టేచోట స్టీరింగు తిప్పవలసి వచ్చినవాడు కసరత్తుకు వేరే వెళ్ళనక్కరలేదు.

ఇంతకూ చక్రం బండికి యెక్కాలి గదా! మన తెనాలివారి వుత్తరంలో ఒక చిన్న వాక్యం నన్ను ఆపింది. "1972 నాటి సి-10 చక్రాలు నాలుగు అగ్గువకు వస్తున్నాయి, కొనమంటారా?" అని అడిగారు. ఆగండి! 1970 దాకా రెండు చక్రాలకు మాత్రమే ఇంజను బలం అందే సి-10లకు ఆరు బోల్టులు, అయిదున్నర అంగుళాల వలయం మీద. 1971లో ముందు డిస్క్ బ్రేకులు వచ్చాయి. వాటితోపాటే అయిదు బోల్టులు వచ్చాయి, అయిదంగుళాల వలయం మీద. పైకి చూస్తే అన్నదమ్ముల్లా వుండే బండ్లే. కాని వీడి చెప్పు వాడి కాలికి పట్టదు. అంగట్లో అన్నీ వున్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు, అగ్గువ చక్రాలు కొట్లో మూల పడివుండవలసిందే.

పైగా యాభై యేళ్ళు దాటిన బండి. చేతులు యెన్ని మారిందో, ఏ యజమాని ఏ భాగం యెక్కడినుంచి తెచ్చి తగిలించాడో యెవరికి తెలుసు? డిస్క్ బ్రేకుల కోసం 1971 తరవాతి బండి ముందు భాగం తెచ్చి పాతదానికి అమర్చడం మామూలే. అలాంటప్పుడు ముందు అయిదు, వెనక ఆరు బోల్టులు వుండవచ్చు. కనుక పుస్తకం చూసి కొనకండి. నాలుగు హబ్బులూ చూసి కొనండి.

ఆరు బోల్టులైతే కొలత సులువు. యెదురెదురు రంధ్రాల నడుములు కలిపితే వలయం వ్యాసం వస్తుంది: 139.7 మిల్లీమీటర్లు. అయిదైతే యెదురుగా రంధ్రం వుండదు. పక్కపక్కనున్న రెండు రంధ్రాల నడుముల దూరం కొలిచి 0.588తో భాగించాలి. ట్రక్కుల అయిదంగుళాల వలయానికి ఆ దూరం సుమారు 74.7 మిల్లీమీటర్లు వుంటుంది. షెవ్రొలే కార్లలో చాలావాటికి నాలుగు ముప్పాతిక అంగుళాల వలయం వుండేది. పావు అంగుళమే గదా తేడా అని నట్లు బలవంతాన బిగించేవాళ్ళున్నారు. వాళ్ళకు దండం పెట్టి దూరంగా నడవడం మంచిది. అలాగే, కొత్త షెవ్రొలే ట్రక్కుల చక్రాలకు కూడా ఆరు రంధ్రాలు, అదే వలయం వుంటుంది. అయినా నడిమి రంధ్రమూ, ఆఫ్‌సెట్టూ వేరు. బోల్టులు కలిసినంత మాత్రాన జాతకాలు కలిసినట్టు కాదు.

ఇప్పుడు బరువు. సి-10ను "అరటన్ను" బండి అంటారు. టైరు పక్కన సైజు తరవాత ఒక అంకె వుంటుంది. 100 అంటే 800 కిలోలు, 105 అంటే 925 కిలోలు మోస్తుందని అర్థం. కాని ఇది కార్ల టైరైతే, దాన్ని ట్రక్కుకు వేసినప్పుడు ఆ బరువును 1.1తో భాగించుకోవాలన్నది అక్కడి నియమం. అప్పుడు 800 కాస్తా 727 అవుతుంది, 925 కాస్తా 841 అవుతుంది. వెనక ఇరుసు మీద మొత్తం 1300 కిలోలు పడ్డాయనుకోండి. ఒక్కొక్క టైరుకు 650. మొదటి టైరు మోస్తుంది గాని మిగులు తక్కువ. రెండవదానికి నిబ్బరం ఎక్కువ. తోటకు యెరువు, ఇంటికి మంచాలు మోయించేవాళ్ళు ఈ మిగులు చూసుకోవాలి. సైజుకు ముందు ఎల్‌టి అనే అక్షరాలున్న ట్రక్కు టైర్లు ఇంకా మొండివి. అయితే వాటికి గాలి ఎక్కువ పట్టాలి, ఖాళీ బండిలో కుదుపు ఎక్కువ. అసలు బరువు మోసేది రబ్బరు కాదు, లోపలి గాలి. గాలి కొలిచే సాధనం ఒకటి కొని బండిలో పడేసుకుంటే, అది ఏ అలంకారం కంటే ఎక్కువ మేలు చేస్తుంది.

పాత రకం అడ్డునేత టైర్లా, రేడియల్ టైర్లా అన్నది ఇంకొక ప్రశ్న. రేడియల్‌కు మిషెలిన్ కంపెనీ 1946లో పేటెంటు పుచ్చుకుంది. అందులో దారాలు పెదవి నుంచి పెదవికి సూటిగా పోతాయి. పైన ఇనుప పట్టీలు వుంటాయి. రోడ్డు మీద అంటిపెట్టుకుని నడుస్తుంది, వేడెక్కడం తక్కువ, ఎక్కువ కాలం మన్నుతుంది. ప్రదర్శనల్లో పెట్టే బండికి అడ్డునేతవి అందం. పిల్లవాణ్ణి యెక్కించుకుని తిరిగే బండికి రేడియలే మేలు. ఒక్క మాట: ఒకే ఇరుసుకు అటొకటి, ఇటొకటి యెన్నడూ వేయకండి. ఒకటి మలుపులో ఒకలా వంగుతుంది, రెండవది ఇంకొకలా వంగుతుంది. కాడికి యెద్దునూ దున్ననూ కట్టినట్టే.

పాత ఉక్కు చక్రాలే వుంచుకుంటే, వాటిని గీకించి, తుప్పూ పగుళ్ళూ చూడాలి. 1940ల నాటి చక్రాలైతే టైరు పెదవి జారకుండా ఆపే గట్టు వాటికి వుండదు. ట్యూబులతో నడిచిన కాలం వాటిది. అవి రేడియల్ టైరు లాగుళ్ళను దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. అలాంటివాటిని గోడకు తగిలించుకుని, బండికి కొత్త ఉక్కు చక్రాలు వేయడం వివేకం.

ఇక ఇరవై అంగుళాల చక్రాల మోజు. 275/45 ఆర్ 20 టైరు నిలువెత్తు 29.7 అంగుళాలు. యెత్తు ఫరవాలేదు. కాని పక్క యెత్తు 124 మిల్లీమీటర్లే. పాత టైరుకు 161. గతుకును మింగే ఆ కండ అంతా పోయి, ఆ దెబ్బ నేరుగా పాత స్ప్రింగులకూ బేరింగులకూ తగులుతుంది. అందుకు తగ్గట్టు బండి అడుగు భాగమంతా మార్చినవాళ్ళు హాయిగానే తిరుగుతున్నారు. అలా మార్చకుండా చక్రాలు మాత్రం మార్చడం, పంచె మీద బూట్లు తొడగడం.

అలాగని పక్కింటి ముసలాయన మాట పూర్తిగా నిజమనీ అనను. సన్న టైరు పాపమూ కాదు, పుణ్యమూ కాదు. వర్షంలో నీటిని చీల్చుకుపోవడం దానికి సులువు, స్టీరింగు తేలిక. కాస్త వెడల్పుదానికి పొడి రోడ్డు మీద పట్టు బాగుంటుంది. రెంటికీ మధ్య మనకు కావలసినంత చోటు వుంది.

కనుక తెనాలివారికి నా మాట ఇది. బండి కంపెనీ యెత్తులోనే వుండి, హబ్బులు నాలుగూ ఆరేసి బోల్టులవే అయితే, పదిహేను అంగుళాల వ్యాసం, ఏడంగుళాల వెడల్పు, నాలుగంగుళాల వెనక జాగా వున్న చక్రాలు నాలుగు చూడండి. వాటికి 235/75 ఆర్ 15 టైర్లు. వెనకవైపు కాస్త పుష్టిగా కనిపించాలన్న సరదా వుంటే, వెనక ఎనిమిదంగుళాల చక్రాలు, 255/70 ఆర్ 15 టైర్లు వేయండి. రెంటి యెత్తుకూ తేడా బొటాబొటిగా పావు అంగుళం లోపే. నాలుగు చక్రాలకూ బలం అందే బండి వున్నవారు మాత్రం ఈ సరదా పెట్టుకోకూడదు. వాటికి నాలుగు టైర్లూ ఒకే యెత్తు వుండి తీరాలి. అయిదవ చక్రం మరిచిపోకండి. బండి కింద నిద్రపోతున్న పాత స్పేరు టైరు, దారిలో ఆగిపోయిన రాత్రి నిద్రలేస్తుంది. అది ఆ బోల్టులకు పట్టాలి, ఇంచుమించు ఆ యెత్తే వుండాలి.

కొనేముందు టైరు పక్కన "డాట్" అనే అక్షరాల వరసలో చివరి నాలుగు అంకెలు చదవండి. 2000 సంవత్సరం నుంచి తయారైన టైర్లకు మొదటి రెండూ వారం, తరవాతి రెండూ సంవత్సరం. 3519 అంటే 2019లో ముప్పై అయిదవ వారం. మూడే అంకెలుంటే అది అంతకు ముందటిది. దాని గాళ్ళు యెంత లోతుగా కనిపించినా సరే, తీసి అవతల పెట్టండి. రబ్బరు నడవకపోయినా ముసలిదవుతుంది. ఇలాంటి బండ్లు నెలకొకసారి బయటికి వచ్చేవి గనుక, టైర్లు అరిగి కాదు, యెండి చస్తాయి.

చివరగా నట్లు. చక్రానికి తగిన మూతి వున్న నట్లే వాడాలి. ఒకదాని పక్కది కాకుండా యెదురెదురువి బిగించుకుంటూ రావాలి. యాభై నుంచి వంద మైళ్ళు తిరిగాక మళ్ళీ ఒకసారి బిగింపు చూడాలి. కొత్త చక్రాలు బిగించి, ఆ సంబరంలో మరిచిపోయేది ఈ ఒక్కటే. ఇది అయ్యాకనే పిల్లవాణ్ణి పక్క సీట్లో కూచోబెట్టండి.

వచ్చేవారం మళ్ళీ మన భాషలోకి వద్దాం. "అరసున్న యెక్కడికి పోయింది?" అని ఒంగోలు నుంచి అడిగిన విద్యార్థిని అంతదాకా కాస్త ఓపిక పట్టాలి.